బాణానికి ఎదురు తిరిగిన ఇంజను

పోయిన వారం చీటీని కారు ముందు నిలబెట్టి, చేతిలో నాలుగు ప్లగ్గు వైర్లు పెట్టి, మనం హాయిగా పత్రిక మడిచేసి ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. చీటీ మందుల షాపు కౌంటరులో ఏళ్ల తరబడి పనిచేసింది. డాక్టరు చీటీ చూపించనిదే సొంత అన్నయ్యకు కూడా మాత్ర ఇచ్చేది కాదు. ఒళ్లు మండి ఆయన పెట్టిన పేరే ఇంటిల్లిపాదికీ నోటికి పట్టేసింది. ఆ షాపు మూతపడింది. ఇంట్లో ఉన్నది నాన్న, ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పిన డ్రైవింగ్ మాస్టారు. మోకాళ్లు మొరాయించాక ఆయన స్కూలు మూలపడింది, స్కూలు తెల్ల కారు షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయింది. ఆ చిన్న కారు మళ్లీ నడిస్తే చీటీ డ్రైవింగ్ స్కూలు తెరుస్తుంది. ముగ్గురు ఆడవాళ్లు అప్పుడే వచ్చి, నేర్చుకుంటే నీ దగ్గరే నేర్చుకుంటాం అని చెప్పి వెళ్లారు కూడా. నడవకపోతే ఆదివారం సాయంత్రానికి అన్నయ్య పాత ఇనుము కొనేవాడి లారీ తెస్తాడు. కారు తుక్కులోకి, షెడ్డు అద్దెకి, చీటీ మళ్లీ ఉద్యోగం కోసం షాపు షాపుకీ తిరగడానికి. ఒప్పందం అది.

ఇవాళే ఆదివారం. మధ్యాహ్నం భోజనాలు కూడా అయిపోయాయి.

చీటీ బానెట్టు మీదికి వంగి పుస్తకం వంక చూసింది. కారుతో పాటు వచ్చిన రిపేరు పుస్తకం అది, అట్ట ఊడి, గ్రీజు మరకలతో, ఏ పేజీ తెరిచినా పెట్రోలు వాసనతో. దాన్ని పట్టుకునే ఆవిడ పది రోజుల్లో కార్బురేటరు విప్పి కడిగింది, బ్యాటరీ మార్చింది, పెట్రోలు ట్యాంకులో తుప్పు వదిలించింది. ప్రతి పనికీ పుస్తకం ఏం చెప్పిందో అది చేసింది, అది జరిగింది. ఆ ధైర్యంతోనే ప్లగ్గు వైర్ల దగ్గర ఒక పని చేసింది. ఏ మెకానిక్కయినా పాత వైరు ఒకటి పీకి, దాని చోట కొత్తది పెట్టి, అప్పుడు రెండోదాని జోలికి వెళతాడు. ఈవిడ నాలుగూ ఒక్కసారే పీకేసింది. ఎందుకంటే బొమ్మ ఉందిగా పుస్తకంలో! ఏ వైరు ఎక్కడికో అంకెలు వేసి మరీ చూపించాడుగా!

బొమ్మలో ఉన్నట్టే పెట్టింది. తాళం తిప్పింది. కారు ఖళ్లు ఖళ్లుమని దగ్గి, ఒళ్లంతా ఊగి, ఆగిపోయింది. అప్పటినుంచీ అదే పాట.

"ఒకటి ఇక్కడ. మూడు ఇక్కడ. నాలుగు, రెండు," అని వేలు పెట్టి చూసుకుంది ఎన్నోసారో. "అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి కదే, నీకేం మాయరోగం?"

ఆ అడిగింది కారుని. కారు ఎలాగూ పలకదు. పలకాల్సిన మనిషి మాత్రం షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాస్టారి సంగతి మీకు తెలియదు. వీధి చివర ఎవడో తెలియనివాడు క్లచ్చు మీద కాలు పెట్టుకుని బండి నడుపుతుంటే, ఆ చప్పుడు వినే ఇక్కడినుంచి "కాలు తియ్యరా వెధవా!" అని అరిచే మనిషి. అలాంటాయన మూడు రోజులుగా కూతురు ఈ వైర్లతో కుస్తీ పడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

"నాన్నా, నువ్వొకసారి చూడొచ్చుగా."

"పుస్తకంలో ఎలా ఉంటే అలా చెయ్యమ్మా."

"అలాగే చేశాను. మూడు రోజులనుంచీ అలాగే చేస్తున్నాను. ఇదే మాట చెప్తున్నావు నువ్వు కూడా, మూడు రోజులనుంచీ."

"మరి ఇంకేం చెప్పమంటావ్?" అని ఆయన గోడవైపు తిరిగాడు.

చీటీకి చిర్రెత్తుకొచ్చింది. పళ్లు కొరుక్కుంటూ సీట్లో కూలబడి, తాళం కసిదీరా తిప్పింది. ఈసారి కారు దగ్గలేదు. ఢామ్మని పేలింది. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ బుస్సుమని లేచి, షెడ్డు దాటి, మేడ మెట్ల పక్కన ఆరేసిన బట్టల మీదికి తీరిగ్గా వెళ్లింది.

పైన తలుపు దడాలున తెరుచుకుంది.

మేడ మీద పిన్ని ఉంటుంది. మాస్టారి తమ్ముడి భార్య. తమ్ముణ్ని అందరూ చిన్న మాస్టారు అనేవారు. అన్నకు తెల్ల కారు, తమ్ముడికి ఎర్ర కారు, ఇద్దరూ కలిసే స్కూలు నడిపేవారు. ఇరవై ఏళ్ల కిందట ఒక తెల్లవారుజామున చిన్న మాస్టారు ఎర్ర కారు తీసుకుని చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ కబురు పిన్నికి చెప్పింది మాస్టారే. ఆ రోజునుంచి పిన్ని కారన్నది ఎక్కలేదు, ఈ షెడ్డు గడప తొక్కలేదు. కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం చూసుకుని, వర్షమొచ్చినా వరదొచ్చినా నడిచే వెళ్లి, నడిచే వస్తుంది.

ఇప్పుడు మసి కొట్టుకుపోయిన దుప్పటి చేత్తో పట్టుకుని దిగి వచ్చి, షెడ్డు గడప బయటే ఆగింది.

"ఏమే చీటీ! ఇది దుప్పటా, పొయ్యి గుడ్డా?"

"పిన్నీ, ఉతికి పెడతాను, ఇప్పుడు మాత్రం నన్నేమీ అనకు. నీకు దణ్ణం పెడతాను."

"అనక? పొద్దుటినుంచీ ఒకటే ఖళ్లు ఖళ్లు, ఇప్పుడేమో ఢాం. ఇంట్లో ఉన్నానా, యుద్ధంలో ఉన్నానా? అసలు నువ్వేం చేస్తున్నావక్కడ?"

"పుస్తకంలో ఉన్నది చేస్తున్నాను!" అని చీటీ అరిచింది. అరిచాక ఏడుపొచ్చింది. "అక్షరం తప్పకుండా చేస్తున్నాను. పుస్తకంలో తప్పు లేదు. నా చేతుల్లో తప్పు లేదు. అయినా ఈ దరిద్రపు బండి స్టార్టవదు. ఇంకో గంటలో అన్నయ్య లారీ వేసుకుని వచ్చేస్తాడు."

పిన్ని దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది. మనిషికి నోరు పెద్దదే గానీ, చీటీ ఏడిస్తే చూడలేదు.

"మీ షాపులో ఎవరైనా నీ చేత్తో ఇచ్చిన మందు వేసుకుని, తగ్గకపోగా ఇంకా పెరిగిందని వస్తే ఏం చేసేదానివి? మళ్లీ అదే మందు ఇచ్చేదానివా?"

"ఎందుకిస్తాను? ముందు చీటీ చూస్తాను."

"చీటీలో మందు సరిగ్గానే రాసుంది. అప్పుడో?"

"అప్పుడు పేరు చూస్తాను. ఒక్కోసారి ఒకళ్ల చీటీ ఇంకొకళ్లు తెస్తారు, ఇంట్లో ఇద్దరు రోగులుంటే..."

చీటీ నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. పుస్తకం చూసింది. కారు చూసింది. ఈ పది రోజుల్లో పుస్తకం నిజం చెబుతోందా అని చూసిందే గానీ, ఈ పుస్తకం ఈ ఇంజనుదేనా అని చూడలేదు.

వైర్లన్నీ వచ్చి చేరే నల్ల మూత ఒకటుంటుంది. దాని కింద రోటర్ అని వేలెడంత ముక్క గిర్రున తిరుగుతూ, నాలుగు వైర్లకూ వంతులవారీగా కరెంటు అందిస్తుంది. అది ఏ వైపు తిరుగుతుందో పుస్తకం బొమ్మలో బాణం గుర్తు వేసి ఉంది. కుడివైపుకి. చీటీ మూత విప్పింది. ఇంజను కింద పెద్ద బోల్టుకు పానా తగిలించి, రెండు చేతులతో మెల్లగా లాగింది.

వెనకనుంచి మాస్టారి గొంతు వినిపించింది. "వదిలెయ్యమ్మా, చీటీ. ఎందుకంత కష్టం? వాడు లారీ తెస్తాడుగా, పట్టుకుపోనీ."

చీటీ పానా వదల్లేదు. రోటర్ కదిలింది. ఎడమవైపుకి.

పొరపాటున పానా అటుదిటు లాగానేమో అనుకుంది. పుస్తకం తిప్పి చూసుకుంది. లేదు, పానా సరైనవైపే లాగింది. మళ్లీ లాగింది. రోటర్ మళ్లీ బాణానికి ఎదురే తిరిగింది, తనకేమీ పట్టనట్టు.

పుస్తకం గబగబా వెనక్కి తిప్పింది. ఆఖర్న నాలుగు పేజీల చిన్న అక్షరాలు ఉన్నాయి, ఇన్నాళ్లూ మనకెందుకులే అని వదిలేసినవి. అదే కంపెనీ పొడుగు డిక్కీ రకం కార్ల సంగతి అది. చట్రం ఒకటే, బోల్టులు ఒకటే, ఇంజను మాత్రం వేరు, రోటర్ ఎడమవైపు తిరుగుతుంది అని రాసి ఉంది. అంటే మొదటిదీ నాలుగోదీ పెట్టినచోటే ఉండాలి, రెండూ మూడూ ఒకదాని చోటికి ఇంకొకటి రావాలి. అంతే. మూడు రోజుల నరకం అంతా ఆ రెండు వైర్ల తేడా.

చీటీ వాటిని మార్చి, మూత బిగించి, సీట్లో కూర్చుని తాళం తిప్పింది.

తెల్ల కారు దగ్గలేదు, ఊగలేదు, పేలలేదు. ఏమీ జరగనట్టు, నిన్నటిదాకా రోజూ తిరుగుతున్నట్టు, నిమ్మళంగా మోగడం మొదలుపెట్టింది.

"అయింది! పిన్నీ, అయింది!" చీటీ స్టీరింగు మీద రెండు చేతులతో దబదబా బాదింది. ముక్కు మీద మసి, కళ్లల్లో నీళ్లు, నోరంతా నవ్వు. పిన్ని గడప బయటే నిలబడి, నవ్వు దాచుకుని, "అయితే నా దుప్పటి ఎప్పుడుతుకుతావ్?" అంది.

మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆయన మొహం పాలిపోయి ఉంది.

అది చూశాక చీటీ నవ్వు మెల్లమెల్లగా ఆరిపోయింది. ఇంజను ఆపి దిగింది. "నాన్నా, ఈ కారుకి ఇంజను మార్చావా?"

"ఎప్పుడో. పాతది పట్టేసింది. ఎక్కడో ఏదో దొరికితే వేయించాను."

"మరి వైర్లు ఎలా పెట్టాలో తెలుసు నీకు."

ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"తెలుసు! రెండు వైర్లు అటూ ఇటూ మార్చవే అని ఒక్క మాట అంటే పోయేది. మూడు రోజులు నాన్నా! చేతులు చూడు, బొబ్బలు. లారీ వస్తోందని తెలిసి కూడా నోరు కుట్టేసుకుని కూర్చున్నావు. నా బతుకంతా ఈ బండి మీద ఉందని నీకు తెలియదా?"

"చెప్తే ఎందుకని అడుగుతావు," అన్నాడాయన, నేల చూస్తూ. "ఎందుకో చెప్పకుండా నీచేత ఏ పనీ చేయించలేను. చిన్నప్పటినుంచీ అంతేగా నువ్వు."

ఇదేం జవాబు? చీటీకి ఒళ్లు భగ్గుమంది. కోపమొస్తే ఆవిడ చేతులు ఊరుకోవు, ఏదో ఒక పని కావాలి. స్టార్టయ్యాక ఆపి, ఆయిలు ఎంతుందో చూడమని పుస్తకం చెప్పింది కదా, అది పట్టుకుంది. ఆయిలు చూసే పుల్ల లాగింది. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో పుల్ల, తుడిచే గుడ్డేమో చంకలో.

"పిన్నీ, ఇదొక్క క్షణం పట్టుకో."

పిన్ని గడప అవతలినుంచే చెయ్యి చాపి అందుకుంది. ఆయిలు అంటకుండా చివర పిడి రింగు పట్టుకుని, మొహం అటు తిప్పబోయి, తిప్పలేదు. పిడిని కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. రోజంతా కళ్లద్దాల అంచుల మీద గీతలు వెతికే కళ్లవి.

"ఇది ఎక్కడిదే?"

"ఆయిలు పుల్ల. ఇంజనుతో పాటే ఉంటుంది."

"ఆ రంగు?"

రింగు మీద అక్కడక్కడా పెచ్చులూడిన వంకాయ రంగు, మధ్యలో రెండు వెండి చుక్కలు. చీటీ దాన్ని ఈ పది రోజుల్లో ఎన్నిసార్లో చూసింది. నాన్న గుర్తు కోసం పెట్టుకున్నాడనుకుంది.

"గోళ్ల రంగు," అంది పిన్ని. "నా పెళ్లిలో వేసుకున్నది. ఆయనకి ఈ పుల్ల ఏదో, పక్కనున్నదేదో ఎప్పుడూ తెలిసేది కాదు. ఏది పడితే అది లాగి చెయ్యి కాల్చుకునేవాడు. అందుకని నేనే పూశాను. మరీ బోడిగా ఉందని చుక్కలు కూడా పెట్టాను. పాఠాలు చెప్పే మాస్టారివి, నీకు పెళ్లాం రంగులు పూసిపెట్టాలా అని ఎంత నవ్వానో."

వేడెక్కిన ఇంజను చల్లారుతూ టిక్ టిక్ మంటోంది.

చీటీ పుస్తకం ఆఖరి పేజీలు మళ్లీ తీసింది. పొడుగు డిక్కీ రకం. ఎర్ర కారు డిక్కీలో కూర్చుని తనూ అన్నయ్యా ఆడుకునేవాళ్లు. బాబాయి వెళ్లిన నెలలోనే నాన్న ఈ తెల్ల కారుని ఇంజను పనికని పొరుగూరు తీసుకెళ్లి, చాలా రోజులకు గానీ తేలేదు. స్కూలు పిల్ల అప్పుడు తను. ఎవరు అడుగుతారు?

పిన్ని గడప దాటింది. ఇరవై ఏళ్లుగా తొక్కని గడపని ఇప్పుడు చూసుకోను కూడా చూసుకోలేదు. నేరుగా కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది.

"బావగారూ. ఆయన ఎర్ర కారులో వెళ్లిపోయాడని మీరే కదా చెప్పారు నాకు."

మాస్టారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పారు. రోడ్డు మీద ఎర్ర కారు చప్పుడైతే చాలు, పరిగెత్తుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లేదాన్ని. ఎన్నేళ్లు వెళ్లానో మీకు తెలుసు. కిందనుంచి మీరు చూసేవాళ్లు. ఎర్ర కారు ఇంజను మీ షెడ్డులో ఉంటే, ఆయన దేంట్లో వెళ్లాడు?"

"చూడమ్మా, కూర్చుని..."

"కూర్చోను. ఎర్ర కారు ఏమైంది?"

"విడగొట్టించేశాను," అన్నాడాయన. "తలుపులూ చక్రాలూ అన్నీ తుక్కుకి వేశాను. ఇంజను బాగుంది. మంచి ఇంజను. ముక్కలు చేయమని చెప్పడానికి నోరు రాలేదు. అదే నేను చేసిన తెలివితక్కువ పని."

"అదా మీరు చేసిన తెలివితక్కువ పని!" పిన్ని గొంతు చీలిపోయింది. "మనిషేమయ్యాడు?"

మాస్టారు తల ఎత్తాడు. భయపడ్డాడో, అలిసిపోయాడో, కన్నీళ్లు మాత్రం జలజలా కారుతున్నాయి. చీటీ తండ్రి ఏడవగా చూడటం అమ్మ పోయినప్పటి తర్వాత ఇదే.

"ఉన్నాడు. నేనే దింపి వచ్చాను, ఈ తెల్ల కారులోనే. రావద్దని చెప్పింది కూడా నేనే. కబురు పెడితే వస్తాడు. ఎప్పుడు పెడతావన్నయ్యా అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు."

పిన్ని కొడుతుందనుకుంది చీటీ. కొడితే ఆపాలా, వద్దా అన్నది కూడా తేల్చుకోలేకపోయింది. పిన్ని కొట్టలేదు. దుప్పటి అంచుతో పుల్ల శుభ్రంగా తుడిచి, బానెట్టు దగ్గరికి వెళ్లి, దాన్ని దాని కన్నంలోకి దించింది. కన్నం ఎక్కడుందో ఎవరూ చూపించాల్సిన పని లేకపోయింది. బానెట్టు దబ్బున మూసింది. పక్క సీటు తలుపు తీసి, కూర్చుని, బెల్టు పెట్టుకుంది.

"పద," అంది చీటీతో.

"పిన్నీ, బ్రేకులు ఇంకా చూడలేదు. ఆ అధ్యాయం ఇంకా..."

"మెల్లగా పోనియ్."

వీధిలో లారీ హారను మోగింది. అన్నయ్య గేటు తోసుకుని లోపలికొస్తూ, "ఏమే చీటీ, ఒప్పుకున్నావా ఓటమి? తాళం ఇలా తే" అని అరిచాడు. అతని వెనక, గేటుకు అడ్డంగా లారీ, దాని మీద పాత ఇనుము కొనేవాడు గొలుసులు సర్దుకుంటున్నాడు.

చీటీ ఎక్కి కూర్చుంది. తాళం ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. ఆ మోత విని అన్నయ్య నడిదారిలో నిలువుగుడ్లేసుకుని ఆగిపోయాడు. గెలిచింది ఆవిడే. ఈ క్షణం కోసం పది రోజులుగా ఏమేం మాటలు దాచిపెట్టుకుందో, వాటిలో ఒక్కటీ ఇప్పుడు గుర్తు రావడం లేదు.

"అన్నయ్యా, లారీ పక్కకి తీయించు," అని మాత్రం అంది.

తర్వాత కిటికీ అద్దం దించి, గుమ్మంలో కూర్చున్న మనిషి వైపు తిరిగింది. ఎడమేదో కుడేదో ఊరందరికీ నేర్పిన మనిషి.

"నాన్నా. గేటు దాటాక ఎటు తిప్పాలి?"